27 ఏళ్లకు రోడ్ బైక్, 30కి ప్రపంచ టైటిల్: క్రిస్సీ వెల్లింగ్టన్ కథలో ఎంత నిజం?

మీ ప్రశ్న ఇదీ: మీకు 31 ఏళ్లు, హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, పది కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తగలరు, ఈత రాదు. "27 ఏళ్ల దాకా రోడ్ బైక్ కూడా లేని ఒక బ్రిటిష్ గవర్నమెంటు ఉద్యోగిని, ఉద్యోగం మానేసి ఏడాది తిరక్కుండానే ఐరన్‌మ్యాన్ ప్రపంచ ఛాంపియన్ అయింది" అని వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ వచ్చింది. అది నిజమా, నిజమైతే మీరూ ఉద్యోగానికి లాంగ్ లీవ్ పెట్టి ట్రై చేయొచ్చా అని అడిగారు.

ఫార్వర్డ్‌లో ఉన్నవి చాలావరకు నిజాలే. కానీ లీవ్ లెటర్ ఇప్పుడే రాయకండి. ఆ మెసేజ్ రాసినవాళ్లు వదిలేసిన సంగతులే మీకు ఎక్కువ పనికొస్తాయి. నేను చాలా ఏళ్లుగా ఈ ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే ఆట)లో ఉన్నాను, మనవాళ్లు కొందరికి శిక్షణ కూడా ఇస్తుంటాను. కొత్తగా వచ్చేవాళ్లందరూ ఈవిడ పేరే చెబుతారు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ఆమె పేరు క్రిస్సీ వెల్లింగ్టన్. 1977 ఫిబ్రవరి 18న ఇంగ్లండ్‌లోని సఫోక్ కౌంటీలో పుట్టింది, పక్కనున్న నార్ఫోక్‌లో ఫెల్ట్‌వెల్ అనే పల్లెలో పెరిగింది. 2007, 2008, 2009, 2011లలో హవాయి దీవుల్లోని కోనాలో ఐరన్‌మ్యాన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచింది. మొత్తం కెరీర్‌లో ఫుల్ ఐరన్‌మ్యాన్ దూరం రేసులు 13 చేసింది, పదమూడూ గెలిచింది. మనం రోజూ చూసే క్రికెట్‌లో దీనికి సరిపోలే రికార్డు నాకైతే తట్టడం లేదు. కొత్తగా చదివేవాళ్ల కోసం: ఫుల్ దూరం అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన 42.2 కిలోమీటర్ల మారథాన్, మధ్యలో విరామం లేకుండా. మామూలు మనుషులకు ఇచ్చే గడువు 17 గంటలు. ఈవిడ 8 గంటల 18 నిమిషాల్లో ముగించింది. ఆ రేసు సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

ఇప్పుడు ఆ ఫార్వర్డ్ చదివితే అనిపించే "సున్నా నుంచి మొదలుపెట్టింది" అన్న మాట దగ్గరికొద్దాం. ఇది తప్పు. చిన్నప్పుడు క్లబ్‌లో ఈత కొట్టింది, బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో చదివేటప్పుడూ కొట్టింది. పెద్ద పతకాలేమీ లేవు, కానీ నీళ్లంటే భయం లేదు, స్ట్రోక్ వచ్చు. ఈ ఒక్క తేడా పెద్దయ్యాక ఈత నేర్చుకునేవాళ్లకి బాగా అర్థమవుతుంది. 1998లో జాగ్రఫీలో ఫస్ట్ క్లాస్ డిగ్రీ తీసుకుని, దేశాలు తిరిగి, 2000లో మాంచెస్టర్‌లో డెవలప్‌మెంట్ స్టడీస్‌లో ఎంఏ చేసింది. 2001లో బ్రిటన్ పర్యావరణ, ఆహార, గ్రామీణ వ్యవహారాల శాఖలో చేరింది. 2002లో జొహానెస్‌బర్గ్‌లో జరిగిన సుస్థిరాభివృద్ధి ప్రపంచ సదస్సుకి సంబంధించిన పని కూడా చేసింది. అంటే ఫైళ్లు మోసే గుమాస్తా ఉద్యోగం కాదు, విధానాలు రాసే ఉద్యోగం.

అదే 2002లో లండన్ మారథాన్ పరిగెత్తింది. టైమ్ 3 గంటల 8 నిమిషాల 17 సెకన్లు. ఇక్కడ కాసేపు ఆగండి. మన హైదరాబాద్, విశాఖ రన్నింగ్ గ్రూపుల్లో నాలుగు గంటల లోపు మారథాన్ కోసం ఏళ్ల తరబడి తంటాలు పడేవాళ్లున్నారు. ఈవిడ ఆఫీసు చేసుకుంటూ 25 ఏళ్లకి 3:08 పరిగెత్తింది. ఫార్వర్డ్ రాసినవాళ్లు ఈ నంబర్ పెట్టి ఉంటే సగంమంది అక్కడే కథ పక్కన పెట్టేసేవాళ్లు. కోచ్‌గా నేను చూసేది కూడా ముందుగా ఇదే. సరైన శిక్షణ లేకుండానే ఇంత వేగం వచ్చిందంటే గుండె, ఊపిరితిత్తులు పుట్టుకతోనే మంచివి అన్నమాట. అది ఎవరి తప్పూ కాదు, ఎవరి గొప్పా కాదు.

తర్వాత నేపాల్. నా దృష్టిలో ఆమె కెరీర్‌లో అందరూ ఒక్క వాక్యంలో దాటేసే ముఖ్యమైన భాగం ఇదే. 2004లో ఉద్యోగం నుంచి సెలవు తీసుకుని కాఠ్‌మాండూ వెళ్లి, రూరల్ రీకన్‌స్ట్రక్షన్ నేపాల్ అనే సంస్థలో పనిచేసింది. అప్పుడు అక్కడ మావోయిస్టుల అంతర్యుద్ధం నడుస్తోంది. పల్లెల్లో మరుగుదొడ్లు, పారిశుద్ధ్యం మీద పని. తెల్లవారుజామున పనికి వెళ్లేముందు స్నేహితులతో కలిసి లోయ చుట్టూ కొండల మీద మౌంటెన్ బైక్ తొక్కేది. కాఠ్‌మాండూయే 1,300 మీటర్ల పైన ఉంటుంది, చుట్టూ కొండలు ఇంకా ఎత్తు. ఆ రోజుల్లోనే లాసా నుంచి కాఠ్‌మాండూ దాకా, వెయ్యి కిలోమీటర్లకు పైగా, టిబెట్ పీఠభూమి మీదుగా సైకిల్ మీద వచ్చింది. ఆ దారిలో 5,000 మీటర్లు దాటిన కనుమలు ఉంటాయి. చలి, ఎదురుగాలి, ఇసుక, పల్చటి గాలి.

ఆమె దీన్నెప్పుడూ ట్రైనింగ్ అనుకోలేదు. వాచీలో హార్ట్‌రేట్ చూసుకోలేదు, పరుగు, సైకిల్ లెక్కలు పంచుకునే స్ట్రావా యాప్‌లో పెట్టలేదు (అప్పటికి స్ట్రావా లేదు లెండి). కానీ శరీరానికి ఆ తేడా తెలియదు. రోజూ గంటల తరబడి, నెమ్మదిగా, ఎత్తు ప్రదేశాల్లో తొక్కడం వల్ల కండరాల్లో రక్తనాళాలు పెరుగుతాయి, కొవ్వును ఇంధనంగా వాడే శక్తి పెరుగుతుంది, మోకాళ్లు, తుంటి కీళ్లు ఎక్కువసేపు ఒకే పని చేయడానికి అలవాటు పడతాయి. దీన్నే మేం బేస్ అంటాం. ఐరన్‌మ్యాన్‌లో చాలావరకు ఈ బేసే. ఈవిడ తెలియకుండానే ఏడాదికి పైగా బ్యాంకులో వేసుకుంటూ పోయింది. 2007లో తీసింది.

2006లో ఇంగ్లండ్ తిరిగి వచ్చి ఉద్యోగంలో చేరింది. అదే సెప్టెంబర్‌లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో అమెచ్యూర్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్. ఒలింపిక్ దూరం, అంటే 1.5 కిలోమీటర్ల ఈత, 40 సైకిల్, 10 పరుగు. 25–29 వయసు విభాగం గెలవడమే కాదు, అన్ని వయసుల అమెచ్యూర్ ఆడవాళ్లలోనూ మొదటి స్థానం ఆమెదే. ఉద్యోగం మానేసే ఆలోచన దీని తర్వాత వచ్చింది. ఫార్వర్డ్‌లో ఈ సంగతి వదిలేశారు. ఉద్యోగం మానేసి ఛాంపియన్ అవ్వలేదు. అమెచ్యూర్ ఛాంపియన్ అయ్యాక, అప్పుడు కూడా వెంటనే కాకుండా, ఒక పెద్ద కోచ్ దగ్గర ట్రయల్ ఇచ్చి వచ్చి, 2007 మొదట్లో మానేసింది.

ఆ కోచ్ బ్రెట్ సట్టన్, ఆస్ట్రేలియావాడు. స్విస్ ఆల్ప్స్‌లోని లేసాన్‌లో క్యాంప్ నడిపేవాడు. శరీరం బాగుంది, తలకాయే అడ్డం, ఎక్కువ ఆలోచిస్తావు అన్నట్టుగా ఆమెకు చెప్పాడట. ఈ ముచ్చట అందరూ మురిపెంగా చెప్పుకుంటారు. కానీ ఇదే మనిషి తొంభైల చివర్లో ఆస్ట్రేలియాలో, తన దగ్గర శిక్షణ తీసుకున్న ఒక మైనర్ అమ్మాయిపై లైంగిక నేరాలకు పాల్పడ్డానని కోర్టులో ఒప్పుకున్నాడు. ఈ సంగతి తెలియకుండా "గురువు చెప్పినట్టు వింటే చాలు" అనే పాఠం దీంట్లోంచి తీయొద్దు. ముఖ్యంగా మీ పిల్లల్ని ఎవరి దగ్గరైనా చేర్పించేటప్పుడు. క్రిస్సీ తర్వాత ఆయన్ని వదిలేసింది. చివరి ఏళ్లలో, కోనా ఆరుసార్లు గెలిచిన డేవ్ స్కాట్ ఆమెకు కోచ్.

మొదట్లో సట్టన్ ఆమెను ఒలింపిక్ దూరం రేసుల కోసమే తీసుకున్నాడు. అక్కడ ఆమెకు ఒక ఇబ్బంది ఉంది. ప్రో రేసుల్లో ఒకరి వెనక ఒకరు గాలి చాటున సైకిల్ తొక్కొచ్చు. కాబట్టి ఈతలో ముందు గుంపుతో బయటికి రాకపోతే సైకిల్‌లో ఎంత బలమున్నా పట్టుకోవడం కష్టం. ఈమె ఈత మరీ అంత వేగం కాదు. ఐరన్‌మ్యాన్‌లో వేరు. అక్కడ డ్రాఫ్టింగ్ నిషేధం, ముందువాళ్లకి దూరంగా ఉండాలి, ఎవరి గాలి వాళ్లే చీల్చుకోవాలి. 180 కిలోమీటర్లు అలా ఒంటరిగా తొక్కడానికి టిబెట్ తిరిగిన కాళ్లు కావాలి. 2007 ఆగస్టులో కొరియాలోని జేజు దీవిలో మొదటి ఫుల్ ఐరన్‌మ్యాన్ చేసి గెలిచింది. దాంతో కోనాకి అర్హత వచ్చింది. మధ్యలో ఉన్నది ఏడు వారాలు.

2007 అక్టోబర్ 13. అప్పటికి కోనాలో ఆమె ఎవరో తెలిసినవాళ్లు తక్కువ. ముందు ఏడాది ఛాంపియన్ మిషెలీ జోన్స్, ఆరుసార్లు గెలిచిన నటాషా బాడ్మన్ ఇద్దరూ బరిలో ఉన్నారు, ఇద్దరూ ఆ రోజు రేసు పూర్తి చేయలేకపోయారు. బాడ్మన్ సైకిల్ మీంచి పడింది. ఆ ఇద్దరూ ఉండి ఉంటే అన్న చర్చ కొన్నాళ్లు నడిచింది. కానీ క్రిస్సీ టైమ్ చూడండి: 9 గంటల 8 నిమిషాల 45 సెకన్లు. ఈత 58 నిమిషాల 9 సెకన్లు, సైకిల్ 5 గంటల 6 నిమిషాలు, చివర్లో మారథాన్ రెండే రెండు సెకన్ల తేడాతో మూడు గంటల లోపు. రెండో స్థానంలో వచ్చిన కెనడా అమ్మాయి సమాంతా మెక్‌గ్లోన్ కంటే ఐదు నిమిషాలకు పైగా ముందు. లీడ్‌లోకి వచ్చిన ఈ అమ్మాయెవరో చెప్పడానికి కామెంటేటర్ల దగ్గర వివరాలు లేవు. ఐరన్‌మ్యాన్ ప్రపంచ టైటిల్ గెలిచిన తొలి బ్రిటిషర్ ఆమే, ఆడవాళ్లలో గానీ మగవాళ్లలో గానీ. బహుమతి 1,10,000 డాలర్లు.

గెలిచినప్పుడు ఆమె ఫినిష్ లైన్ మీద పడుకుని దొర్లడం మీరు వీడియోల్లో చూసి ఉండొచ్చు. సరదా అనుకోకండి. జాన్ బ్లేస్ అనే అమెరికన్ ట్రయథ్లెట్ ఏఎల్ఎస్ అనే నరాల జబ్బుతో 2005లో కోనా పూర్తి చేశాడు. ఫినిష్ లైన్‌ను దొర్లుతూ దాటాడు. 2007లో చనిపోయాడు. ఆయన పేరిట ఏఎల్ఎస్ పరిశోధనకు డబ్బు పోగుచేసేవాళ్లు అలా దొర్లి దాటతారు.

వయసు సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తాను, ఎందుకంటే మీ టెన్షన్ అంతా దాని మీదే కనిపిస్తోంది. ఐరన్‌మ్యాన్‌కు 30 ఏళ్లు లేటు కానే కాదు. కోనాని ఎనిమిదిసార్లు గెలిచిన పౌలా న్యూబీ ఫ్రేజర్ చివరిసారి 1996లో 34 ఏళ్లకి గెలిచింది. బాడ్మన్ 2005లో 38 ఏళ్లకి. వంద మీటర్ల పరుగులో 30 దాటితే చాలామందికి దిగడమే, కానీ ఎనిమిది తొమ్మిది గంటల పనికి శరీరం ముదరడానికి టైమ్ పడుతుంది. కాబట్టి "30 ఏళ్లకి ఛాంపియన్" అన్నది అద్భుతం కాదు. మొదటిసారి కోనా వచ్చి, ఆ రోడ్డు మీద ముందెన్నడూ రేసు చేయకుండా గెలవడమే అద్భుతం. క్వీన్ కఆహుమాను హైవే అంటే రెండు వైపులా నల్లటి లావా రాళ్లు, నీడ అన్నది లేదు, హావీ ఊరి వైపు వెళ్తుంటే పక్కనుంచి సైకిల్‌ని తోసేసే గాలి. ఒకసారి ఆ గాలికి దెబ్బతిని, మరుసటి ఏడాది జాగ్రత్త నేర్చుకోవడం చాలామంది పెద్ద ప్రోలకు కూడా మామూలే.

మీరు యూట్యూబ్‌లో ఒకటి రెండు రేసులు చూద్దామనుకుంటే 2007ది వదిలేసి 2008, 2011 చూడండి.

2008లో సైకిల్ మీద లీడ్‌లో ఉండగా టైరు పంక్చర్. ట్యూబ్ మార్చింది గానీ, గాలి నింపే సీఓ2 కార్ట్రిడ్జ్ సరిగా పట్టలేదు, గ్యాస్ బయటికి పోయింది. దగ్గరున్నవి అయిపోయాయి. రోడ్డు పక్కన నిలబడి చూస్తుంటే పోటీదారులు ఒక్కొక్కరే దాటిపోతున్నారు. ఆస్ట్రేలియా ప్రో రెబెకా కీట్ పోతూ పోతూ తన కార్ట్రిడ్జ్ ఒకటి ఆమె వైపు విసిరింది. తనకు పంక్చర్ అయితే తన రేసు అక్కడితో ఆఖరు అని తెలిసే విసిరింది. క్రిస్సీకి పోయింది దాదాపు పది నిమిషాలు. తర్వాత ఒక్కొక్కరినీ పట్టుకుంటూ వెళ్లి, 2 గంటల 57 నిమిషాల 44 సెకన్లలో మారథాన్ పరిగెత్తి, అప్పటికి ఆడవాళ్లలో కోనా మారథాన్ రికార్డు అది, రెండో స్థానంలోని డచ్ అమ్మాయి యువోన్ వాన్ వ్లెర్కెన్ మీద 15 నిమిషాల తేడాతో గెలిచింది. పంక్చర్ లేకుంటే ఎంతయ్యేదో మీరే లెక్కేసుకోండి.

(సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను: మన గ్రూపుల్లో లక్షలు పోసి కార్బన్ వీల్స్ కొన్నవాళ్లలో చాలామందికి ట్యూబ్ మార్చడం రాదు. ఆదివారం ఒకసారి ఇంట్లో కూర్చుని టైరు విప్పి, మళ్లీ బిగించి, సీఓ2 పట్టించి చూసుకోండి. ప్రపంచ ఛాంపియన్‌కే చేయి తడబడింది.)

2009లో కోనాలో 8:54:02. పౌలా న్యూబీ ఫ్రేజర్ 1992లో పెట్టిన 8:55:28 కోర్స్ రికార్డు 17 ఏళ్ల తర్వాత పోయింది. అదే ఏడాది జర్మనీలోని రోట్‌లో 8:31:59, మరుసటి ఏడాది 2010లో అక్కడే 8:19:13. ఏడాదిలో 12 నిమిషాలు తగ్గడం ఈ స్థాయిలో మామూలు విషయం కాదు. రోట్ చల్లగా, రోడ్లు బాగా, సైకిల్ దారిలో జనం గోడలా నిలబడి అరుస్తూ ఉండే ఊరు. చాలా ప్రపంచ రికార్డులు అక్కడే ఎందుకు పడతాయో ఒకసారి ఆ వీడియో చూస్తే తెలుస్తుంది. 2010లోనే బ్రిటన్ ప్రభుత్వం ఆమెకు ఎంబీఈ అనే గౌరవ పురస్కారం ఇచ్చింది.

అదే 2010 అక్టోబర్‌లో, కోనా రేసు రోజు పొద్దున, ఒంట్లో బాగోలేదని బరిలోంచి తప్పుకుంది. "ఛాంపియన్ అంటే కనీసం మొదలుపెట్టాలి, మధ్యలో ఆగిపోయినా గౌరవమే" అని కొందరు పెద్దలు విమర్శించారు. నాకు ఆ విమర్శ అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. జ్వరంతో, ఇన్ఫెక్షన్‌తో తొమ్మిది గంటలు ఎండలో గుండెను పరిగెత్తించడం ధైర్యం కాదు. గుండె కండరానికి వాపు రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. మిరిండా కార్‌ఫ్రే ఆ ఏడాది గెలిచింది. క్రిస్సీ ఆరు వారాల్లో కోలుకుని అరిజోనాలో ఐరన్‌మ్యాన్ చేసి 8:36:13లో గెలిచింది. మీరు రన్నింగ్ గ్రూపులో ఉన్నారంటే, జ్వరంతోనే మారథాన్ పూర్తి చేశానని ఫోటో పెట్టేవాళ్లు, కింద "రెస్పెక్ట్ బ్రదర్" అని కామెంట్లు పెట్టేవాళ్లు మీకు తగిలే ఉంటారు. వాళ్లకి ఈ ఏడాది కథ చెప్పండి.

2011 జులై 10, మళ్లీ రోట్. ఈత 49:49, సైకిల్ 4:40:39, పరుగు 2:44:35, మొత్తం 8:18:13. ఆడవాళ్ల ఫుల్ దూరం ప్రపంచ రికార్డు. మారథాన్ టైమ్ మళ్లీ ఒకసారి చూడండి. తొమ్మిదేళ్ల కిందట లండన్‌లో తాజా కాళ్లతో 3:08. ఇప్పుడు 180 కిలోమీటర్లు సైకిల్ తొక్కి దిగి 2:44. అది కూడా అడుగున కార్బన్ పలకతో పరుగుకు ఊపునిచ్చే ఇప్పటి షూలు లేని కాలంలో. ఈ రికార్డు 2023 జూన్ దాకా, దాదాపు పన్నెండేళ్లు నిలిచింది. అప్పుడు స్విట్జర్లాండ్‌కు చెందిన డానియేలా రిఫ్ రోట్‌లోనే 8:08:21తో దాటింది. మరుసటి ఏడాది జర్మనీ అమ్మాయి అన్నే హౌగ్ 8:02:38కి తెచ్చింది. పన్నెండేళ్లలో షూలు, సైకిళ్లు, బట్టలు, తినే జెల్స్ అన్నీ మారాక రిఫ్ తగ్గించింది పది నిమిషాలు. కొత్తవాళ్లను తక్కువ చేయడానికి కాదు, 2011లో ఆమె చేసిన పని కొలత తెలియడానికి చెబుతున్నాను.

ఇక ఆఖరి కోనా. 2011 అక్టోబర్ 8. దానికి రెండు వారాల ముందు అమెరికాలోని బోల్డర్‌లో ట్రైనింగ్ చేస్తూ సైకిల్ మీంచి గట్టిగా పడింది. ఎడమ వైపు కాలు, తుంటి చర్మం కొట్టుకుపోయింది. గాయాలకు ఇన్ఫెక్షన్, యాంటీబయాటిక్స్. ఛాతీ కండరానికి కూడా దెబ్బ. ఉప్పు నీళ్లలో ఆ గాయాలతో ఈతకి దిగింది. ఈత టైమ్ 1:01:03, రెండేళ్ల కిందటి కంటే ఆరున్నర నిమిషాలు ఎక్కువ. సైకిల్ దిగేసరికి కూడా లీడ్ దరిదాపుల్లో లేదు. సైకిల్ మీద అందరినీ వదిలేసి, పరుగులో హాయిగా గెలవడం ఆమెకు అలవాటు. ఆ రోజు పరుగులో వెనకనుంచి వేటాడాల్సి వచ్చింది. వెనక నుంచి మిరిండా కార్‌ఫ్రే, ట్రయథ్లాన్‌లో అప్పటికి ఆవిడంత వేగంగా పరిగెత్తేవాళ్లు లేరు, తరుముకొస్తోంది. క్రిస్సీ మారథాన్ 2:52:41, కార్‌ఫ్రేది 2:52:09. అంటే అంత గొప్ప రన్నర్ ఆమె మీద తగ్గించుకోగలిగింది 32 సెకన్లే. మొత్తం టైమ్ 8:55:08కి 8:57:57. మూడో స్థానం ఇంకో బ్రిటిష్ అమ్మాయి లియాండా కేవ్‌ది, ఆవిడ మరుసటి ఏడాది గెలిచింది.

క్రిస్సీ స్వయంగా ఈ రేసు గురించి చెబుతూ, దీని ముందు తనలో ఎంతుందో తనకే పూర్తిగా తెలియదన్నట్టు మాట్లాడింది. 2012 మొత్తం రేసులకు దూరంగా ఉంది, ఆ ఏడాది డిసెంబర్‌లో రిటైర్మెంట్ ప్రకటించింది. 35 ఏళ్లు. ప్రో కెరీర్ మొత్తం కలిపితే ఆరేళ్లు కూడా నిండలేదు, రేసులు చేసింది ఐదు సీజన్లే. ఇంకో రెండు మూడు టైటిల్స్ గెలిచేది కదా అని అభిమానులు బాధపడ్డారు. నాకు మాత్రం ఆ నిర్ణయంలో అదే గవర్నమెంటు ఆఫీసు మనిషి కనిపిస్తుంది: పని పూర్తయింది, ఫైలు మూసేద్దాం.

ఆ తర్వాత చేసింది కూడా తక్కువ కాదు. 2013లో సైక్లిస్టులు మరియానా వాస్, ఎమ్మా పూలీ, కాథరిన్ బర్టీన్‌లతో కలిసి, ఆడవాళ్లకూ టూర్ డి ఫ్రాన్స్ ఉండాలని పిటిషన్ పెట్టింది. లక్షకు దగ్గరగా సంతకాలు వచ్చాయి. నిర్వాహకులు దిగొచ్చి 2014 జులైలో పారిస్ షాంజెలిజే మీద లా కోర్స్ పేరుతో ఒకరోజు రేసు పెట్టారు. మొదటిది వాస్ గెలిచింది. 2022లో అది ఎనిమిది రోజుల టూర్ అయింది. ఇంకోవైపు పార్క్‌రన్‌లో ఆరోగ్య విభాగం బాధ్యతలు తీసుకుంది. పార్క్‌రన్ అంటే ప్రతి శనివారం పొద్దున పార్కుల్లో ఉచితంగా జరిగే ఐదు కిలోమీటర్ల పరుగు. 2004లో లండన్ బుషీ పార్క్‌లో 13 మందితో మొదలైంది. డాక్టర్లు తమ పేషెంట్లను అక్కడికి పంపేలా 2018లో బ్రిటన్ జనరల్ ప్రాక్టీషనర్ల రాయల్ కాలేజీతో ఒప్పందం కుదిరింది. నేపాల్‌లో మరుగుదొడ్ల పని చేసిన మనిషికి ఇది కొత్త దారేమీ కాదు.

ఒక విషయం మాత్రం మర్చిపోకుండా చెప్పాలి. చిన్న వయసులో తిండికి సంబంధించిన మానసిక సమస్యతో, అంటే బరువు తగ్గాలన్న పిచ్చితో, తాను బాధపడ్డానని ఆమె దాచకుండా రాసుకుంది, మాట్లాడింది. ఓర్పు ఆటల్లోకి వచ్చే ఆడపిల్లల్లో, మగపిల్లల్లో కూడా, ఇది మనం అనుకునేకంటే ఎక్కువ. "సన్నబడితే వేగం పెరుగుతుంది" అని పూట మానేసేవాళ్లని నేనూ చూస్తుంటాను. ఎముకలు విరుగుతాయి, నెలసరి ఆగిపోతుంది, ఏడాది పోతుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, లాంగ్ లీవ్. వద్దు. క్రిస్సీ ఉద్యోగం మానేసే నాటికి మారథాన్ 3:08 ఉంది, అమెచ్యూర్ ప్రపంచ టైటిల్ ఉంది, కోచ్ ట్రయల్ అయింది. మీ చేతిలో ప్రస్తుతం పది కిలోమీటర్ల పరుగు ఉంది, అది మంచి మొదలే, దానికి ఉద్యోగం మానేయాల్సిన అవసరం లేదు. ఆమె బేస్ కూడా ఉద్యోగం చేస్తూ, ఆఫీసుకు ముందు తెల్లవారుజామున కట్టుకున్నదే.

మీరు చేయాల్సింది ముందు ఈత. పెద్దవాళ్లకి నేర్పే కోచ్‌ని పట్టుకుని వారానికి మూడు రోజులు వెళ్లండి. మొదటి నెలలు దూరం లెక్కపెట్టొద్దు, ఊపిరి వదలడం, శరీరం నీటి మీద బల్లపరుపుగా ఉండడం, అంతే. ఆగకుండా 400 మీటర్లు వచ్చాక దూరం పెంచండి. సైకిల్ విషయంలో టైమ్ ట్రయల్ బైక్ (ఒంటరిగా వేగంగా తొక్కే రేసుల కోసం చేసే సైకిల్) జోలికి వెళ్లకండి, మీ కొలతకు సరిపడే మామూలు రోడ్ బైక్ చాలు, సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు. ఆదివారాలు తెల్లవారకముందే బయల్దేరి, ట్రాఫిక్ మొదలయ్యేలోపు ఇంటికి చేరేలా నెమ్మదిగా తొక్కండి, పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా. పరుగు వారానికి మూడుసార్లు ఉంచండి, పెంచకండి. ఒకేడాదిలో ఒలింపిక్ దూరం ఒకటి చేయండి. దాని తర్వాత గోవా 70.3 (సగం దూరం ఐరన్‌మ్యాన్) గురించి ఆలోచించొచ్చు. అది 2019 నుంచి జరుగుతోంది. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిల్, 21.1 పరుగు. స్విమ్మింగ్ పూల్‌లో వచ్చిన ఈత అరేబియా సముద్రంలో సగమే పనికొస్తుంది కాబట్టి, ముందు కనీసం రెండు మూడుసార్లు తోడుగా తెలిసినవాళ్లతో సముద్రంలో దిగి చూడాలి.

మొదలుపెట్టేముందు ఒకసారి డాక్టర్‌ని కలిసి బీపీ, షుగర్, ఈసీజీ చూపించుకోండి. ఐటీలో పదేళ్లు కూర్చున్న శరీరాలు బయటికి ఎలా కనిపించినా లోపల వేరుగా ఉంటాయి. మీరు సిటీలో ఏ వైపు ఉంటారో రాస్తే, అక్కడ పెద్దవాళ్లకి పొద్దున బ్యాచ్‌లు నడిపే పూల్స్ ఏమున్నాయో కనుక్కుని ఇక్కడే చెబుతాను.